గోలీలు ఆపమన్నోని గడప తొక్కొద్దు: రేకీ గురించి మన తండాలకు ఒక మాట

పోస్టు జర పొడుగున్నది. ఓపికతో చివరిదాకా చదవండి. ఇది మన ఇండ్లల్ల పానాల ముచ్చట.

మేము కథలాపూర్, మేడిపల్లి, రుద్రంగి దిక్కు తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి హాస్టళ్లల్ల ఉండి డిగ్రీ చదువుతున్నోళ్లం. కథలాపూర్ మండలం జిల్లా చూస్తే జగిత్యాల, ఓటు వేములవాడకు, అంగడి కోరుట్లకు. దేనికి ఏ దిక్కు పోవాల్నో మన పెద్దోళ్లకు ఒక్కోసారి సమజ్ కాదు. మాలో చాలామందిమి ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. అందుకే ఎవలకు పానం బాగలేకున్నా ఫోను మాకే వస్తది. "నువ్వు సదువుకున్నవ్ గదా బిడ్డా, గీ గోలీ దేనికి, గీ కాగితంల ఏం రాసిండ్రు" అని అడుగుతరు. ఈ మధ్య ఆ ఫోన్లల్ల కొత్త పేరు ఒకటి వినవడుతున్నది: రేకీ.

"చేతులతోనే రోగం తీసేస్తరట." "ఫొటో పంపితే సాలట, దుబాయిల ఉన్నోళ్లకు కూడా ఇక్కడి నుంచే చేస్తరట." "గోలీలు, సూదులు అక్కర్లేదట." ఇవీ మాటలు. కొందరు మంచిగైందంటున్నరు, కొందరు పైసలు పోయినయ్ అంటున్నరు. పోవాల్నా వద్దా, పోతే ఎవలి దగ్గరికి పోవాలె అని మమ్మల్ని అడుగుతున్నరు. మేము కూసోని చదివినం, మాట్లాడుకున్నం, కొట్లాడుకున్నం కూడా. ఆఖరికి ఒక మాట మీదికి వచ్చినం.

సూటిగ చెప్తం. రేకీల చేయి పెట్టినంత మాత్రాన ఎవలికీ ఏం కాదు. ఆ చేయితోపాటు వచ్చే మాటతోనే అయితది. "గోలీలు ఆపుండ్రి", "దవాఖానకు పోకుండ్రి", "ఇంకో పది సార్లు రావాలె", "మీ మీద ఎవలో ఏదో చేసిండ్రు". ఈ నాలుగు మాటల్లోనే ప్రమాదమంతా ఉన్నది. కాబట్టి చేయి పెట్టేటోనికి ఎంత శక్తి ఉన్నదో లెక్కవెట్టుడు మనకు అక్కర్లేదు. ఆయన మనల్ని దవాఖానకు పొమ్మంటడా, వద్దంటడా, అది చూస్తే చాలు.

రేకీ ఎక్కడిది, ఎట్ల చేస్తరు

రేకీ జపాన్‌ల పుట్టింది. మికావో ఉసుయి అనే ఆయన క్యోటో దగ్గర కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసం ఉండి, 1922ల దీన్ని మొదలువెట్టిండని రేకీ నేర్పేటోళ్లు చెప్తరు. ఆయన 1926ల చనిపోయిండు. ఆయన శిష్యుడు చుజిరో హయాషి దగ్గర హవాయో టకాటా అనే ఆమె నేర్చుకున్నది. ఈమె 1900ల హవాయి దీవులల్ల పుట్టింది. బతుకుదెరువుకు జపాన్ నుంచి అక్కడి చెరుకు తోటలకు వలసపోయిన కుటుంబం వాళ్లది. గల్ఫ్ వలసల ఊర్లోళ్లం కాబట్టి ఆ బతుకు మనకు తెలుసు. 1930లల్ల జపాన్ పోయి నేర్చుకొచ్చి, హవాయిల మొదలువెట్టింది. అక్కడి నుంచే అమెరికాకు, తర్వాత మిగతా దేశాలకు పాకింది. 1980ల చనిపోయేనాటికి ఆమె 22 మందిని 'మాస్టర్లు' చేసింది. మాస్టర్ అయ్యేందుకు ఆమె పెట్టిన ఫీజు 10,000 డాలర్లు. ఇందుల పైసల ముచ్చట కొత్తది కాదని చెప్పేందుకే ఇది రాసినం.

చేసే పద్ధతి చాలా మామూలుది. బట్టలు తీసేది లేదు. పండుకోవెట్టి గానీ కుర్చీల కూసోవెట్టి గానీ తల, భుజాలు, కడుపు, మోకాళ్ల మీద మెల్లగ చేతులు పెడ్తరు. కొందరు తాకకుండ జానెడు పైన పెడ్తరు. గంటసేపు అటూ ఇటూ అయితది. రుద్దుడు లేదు, పిసుకుడు లేదు, మందు లేదు, సూది లేదు. విశ్వంల ఉన్న ప్రాణశక్తి తమ చేతుల నుంచి మనలోకి వస్తదని చెప్తరు. రెండో మెట్టు నేర్చుకున్నోళ్లు దూరం నుంచి కూడా పంపుతమంటరు.

మరి పనిచేస్తదా? సాంప్రదాయేతర వైద్యాల మీద పరిశోధన చూసేందుకు అమెరికా ప్రభుత్వానికి ఒక కేంద్రం ఉన్నది. ఏ రోగానికైనా రేకీ పనిచేస్తదని స్పష్టంగ రుజువు కాలేదని ఆ కేంద్రం చెప్తది. దానితోని నేరుగ హాని అయినట్టు కూడా తేలలేదని అదే కేంద్రం చెప్తది. ప్రపంచంల వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ 2015ల దిగులు, ఆందోళనలకు రేకీ ఎట్ల పనిచేస్తదో చూసింది. దానికి దొరికిన పనికొచ్చే పరిశోధనలు మూడే, అన్నిట్ల కలిపి 124 మంది. పనిచేస్తదని గానీ చేయదని గానీ చెప్పేందుకు ఆ రుజువు సరిపోదని తేల్చింది.

ఇంకో ముచ్చట మనసొంటి స్టూడెంట్స్‌కు నచ్చుతది. అమెరికాల ఎమిలీ రోజా అనే పిల్ల తొమ్మిదేండ్ల వయసుల స్కూల్ సైన్స్ ప్రాజెక్టు చేసింది. రేకీకి చుట్టం అసొంటి 'చికిత్సా స్పర్శ' అనే పద్ధతి అప్పుడు అక్కడి నర్సులల్ల బాగ నడుస్తుండె. మనిషి చుట్టూ ఉన్న శక్తి చేతులకు తెలుస్తదని వాళ్లు అనేటోళ్లు. ఈ పిల్ల మధ్యల ఒక అట్ట అడ్డం పెట్టింది. అవతలి మనిషి రెండు చేతులు అట్ట రంధ్రాలల్ల నుంచి ఇవతలికి పెట్టాలె. పిల్ల తన చేయిని వాళ్ల కుడిచేయి మీద గానీ ఎడమచేయి మీద గానీ తాకకుండ పెడ్తది. ఏ చేయి మీద ఉన్నదో వాళ్లు చెప్పాలె. 21 మంది చేసేటోళ్లు 280 సార్లు చెప్తే 123 సార్లే సరైంది. వందకు 44. బొమ్మా బొరుసా వేసి చెప్పినా సగం సార్లు సరైతది. ఈ ప్రయోగం 1998ల అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికల అచ్చయింది. అప్పటికి ఆ పిల్లకు పదకొండేండ్లు. ఒక అట్టముక్క, ఒక ప్రశ్న. మన దగ్గర కూడా ఆ రెండూ ఉన్నయ్.

అట్లని రేకీ చేయించుకున్నోళ్లు 'జర మంచిగనిపించింది' అంటే వాళ్లు అబద్ధం చెప్తున్నరని కాదు. దినమంతా వంగి బీడీలు చుట్టే మన యాడీలను గంటసేపు చప్పుడు లేని రూముల పండుకోవెట్టి, ఒక మనిషి పక్కన కూసోని మంచిగ మాట్లాడితే ఎవలకైనా పానం హాయిగనే ఉంటది. ఆ హాయి నిజం. కానీ హాయి అయినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు. నడుం నొప్పి కాసేపు మరిచిపోవచ్చు, షుగరు మాత్రం రక్తంల అట్లనే ఉంటది.

భగత్‌కు ఒక కొలత, మాస్టర్‌కు ఒక కొలతా?

ఇక్కడ మాకు కోపం వచ్చే విషయం ఒకటి ఉన్నది. మన తండాల భగత్ వేపమండ పట్టుకొని మంత్రం చదివితే 'అమాయక గిరిజనుల మూఢనమ్మకం' అంటరు. అదే పని ఏసీ రూముల, తెల్ల బట్టలేసుకొని, గోడకు ఇంగ్లిషు సర్టిఫికెట్ తగిలిచ్చి చేస్తే 'ఎనర్జీ హీలింగ్' అంటరు, 'వెల్‌నెస్' అంటరు. మంత్రం జపాన్ నుంచి వస్తే సైన్స్ అయితదా?

దీనర్థం భగత్‌ను వెనకేసుకొస్తున్నమని కాదు. ఇద్దరికీ ఒకటే కొలత పెట్టాలె అంటున్నం. మా దిక్కు ఒక ముసలి తాత ఉన్నడు. ఎవలొచ్చినా దారం కడ్తడు, విభూతి పెడ్తడు. కానీ పాము కుట్టిందని వస్తే దారం చేతుల పట్టుకునే "ముందుగాల బండెక్కుండ్రి, దారం దవాఖానల కట్టుకోవచ్చు" అంటడు. ఆయనకు సర్టిఫికెట్ లేదు, బోర్డు లేదు, వాట్సాప్ లేదు. మా లెక్కల ఆయన పట్నంల ఉన్న చాలామంది మాస్టర్ల కంటే భద్రమైన మనిషి. తన చేయి ఎక్కడిదాకా పనిచేస్తదో ఆయనకు ఎరుక.

గోలీలు ఆపితే ఏమైతది

మా హాస్టల్ల ఒక చెల్లె ఉన్నది. ఆమె ఒప్పుకున్నాకనే రాస్తున్నం. పేరు, తండా రాస్తలేం. ఆమెకు చిన్నప్పటి సంది ఫిట్స్. రోజూ రెండు పూటలు గోలీలు వేసుకుంటది. మూడేండ్ల సంది ఒక్కసారి కూడా రాలేదు. ఎండకాలం సెలవులల్ల ఇంటికి పోతే చుట్టాలు ఎవలో చెప్పిండ్రు, చేతులతోని నయం చేసేటాయన ఉన్నడని. పెండ్లి చేయాల్సిన పిల్ల, ఎన్నేండ్లు గోలీలు మింగుతది అని వాళ్ల యాడి భయం. ఆ భయం మనకు తెల్వనిది కాదు. పోయిండ్రు. ఆయన తల మీద చేయి పెట్టి, "ఈ గోలీల వేడే శక్తిని అడ్డుకుంటున్నది, ఆపితేనే పనిచేస్తది" అన్నడు. సంఘం లోను పైసలల్ల నుంచి కొంత, చేబదులు కొంత తెచ్చి కట్టిండ్రు.

గోలీలు ఆపినంక కొన్ని రోజులు ఏం కాలేదు. అదే నమ్మకం పెంచింది. హాస్టల్ తెరిచినంక ఒక రాత్రి ఫిట్స్ మొదలైనయ్. ఒకటి ఆగకముందే ఇంకొకటి. మేము పక్కకు తిప్పి పండుకోవెట్టి, 108కు ఫోన్ చేసి, దవాఖానకు తీసుకపోయినం. బతికింది. ఫిట్స్ గోలీలు ఒక్కసారిగ ఆపితే గిట్లనే ఆగకుండ వచ్చి పానం మీదికి తెస్తదని డాక్టరు చెప్పిండు. తగ్గించాలన్నా డాక్టరే నెలల తరబడి మెల్లగ తగ్గించాలె. ఆ సెమిస్టర్‌ల ఆమెకు రెండు పేపర్లు పోయినయ్. సంఘం అప్పు వాళ్ల యాడి ఇంకా కడ్తున్నది.

చేతులు పెట్టినాయనకు ఫోన్ చేస్తే ఏమన్నడో తెలుసా? "మీ నమ్మకం తక్కువైంది" అన్నడు. ఈ మాట గుర్తువెట్టుకోండి. నయమైతే ఆయన గొప్పతనం, కాకపోతే మన నమ్మకం తక్కువ. ఎటు తిప్పినా తప్పు ఆయనది కాకుండ కట్టిన లెక్క ఇది. డాక్టరు రాసిన గోలీ పనిచేయకపోతే 'నీకు నమ్మకం లేదు' అనడు, గోలీ మారుస్తడు. తేడా అక్కడున్నది.

ఫిట్స్ ఒక్కటే కాదు. కొన్ని రోగాలల్ల ఒక్క రోజు పోతే మనిషి పోతడు. పాము కుడితే విషానికి విరుగుడు మందు దవాఖానలనే ఉంటది. కట్టు బిగబట్టి కట్టుడు, కోసుడు, మంత్రానికి కూసోవెట్టుడు అన్నీ పానానికి మోసమే. కుక్క కరిస్తే సబ్బుతోని పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, ఆ దినమే టీకా మొదలువెట్టాలె. రేబిస్ లక్షణాలు వచ్చినంక బతికించే వైద్యం లేనట్టే. టీబీ మందు ఆరు నెలలు వాడాల్సింది మధ్యల ఆపితే మందుకు లొంగని టీబీ అయితది, ఇంట్ల పిల్లలకు కూడా అంటుతది. కీళ్లల్ల, ఎముకలల్ల నొప్పులొచ్చి పిల్లలు ఏడుస్తుంటే గాలి సోకిందనుకుంటం. కొందరికి అది సికిల్ సెల్ అయితది. గిరిజనులల్ల ఈ జబ్బు ఎక్కువుందనే కేంద్రం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలువెట్టింది. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నది. ఒక్క రక్త పరీక్షతోని తేలేదానికి పది సార్లు చేతులు పెట్టించుకునుడు ఎందుకు?

చేత్తో నయమైతదంటే, చేత్తో చెడుపు కూడా నమ్మాలె

ఇప్పుడు రాసేది బరువైన ముచ్చట. మన జిల్లాదే.

2022 జనవరి 20న జగిత్యాల టీఆర్ నగర్‌ల ఎరుకల కుల సంఘం మీటింగ్ నడుస్తుంటే ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను అందరి ముందు చంపిండ్రు. కారణం, మంత్రాలు చేస్తున్నరన్న అనుమానం. చచ్చినోళ్లు మనోళ్లే, చంపినోళ్లు మనోళ్లే. అంతకు ముందు 2020 నవంబర్‌ల మల్యాల మండలం బల్వంతాపూర్‌ల ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చేతబడి నెపం మీద సజీవంగ కాలబెట్టిండ్రు. చదువులేనోళ్ల ముచ్చట అని తోసేసేందుకు లేదు.

రేకీకి, దీనికి ఏం సంబంధం అంటరా? రేకీ చేసేటోళ్లు ఎవలినీ చంపుమని చెప్తలేరు, నిజమే. కానీ కంటికి కనవడని శక్తి ఒక మనిషి చేతిల నుంచి ఇంకో మనిషిలోకి పోయి నయం చేస్తదని ఒప్పుకుంటే, అదే శక్తి పోయి చెడుపు చేస్తదని కూడా ఒప్పుకున్నట్టే. ఫొటో చూసి దుబాయిల ఉన్న బాపుకు నయం చేయగలిగితే, ఫొటో చూసి పక్కింటోనికి రోగం తేగలడని ఎందుకు నమ్మరు? "మీ మీద నెగెటివ్ ఎనర్జీ ఉన్నది, దగ్గరోళ్లే చేసిండ్రు" అని ఏసీ రూముల అన్న మాట, తండాకు వచ్చేసరికి ఒక ముసలామె పేరయితది. ఆ పేరు మీద రాయి పడతది. రోగానికి కారణం మనిషి అని చెప్పేటోడు ఎవడైనా సరే, రేకీ మాస్టర్ గానీ, బాబా గానీ, భగత్ గానీ, వాని దగ్గర అక్కడికక్కడే లేచి రావాలె.

మనోళ్లు ఎందుకు పోతున్నరు

పోయేటోళ్లను తిట్టి లాభం లేదు. ఎందుకు పోతున్నరో చూడాలె. సర్కారు దవాఖానల పొద్దుగాల లైన్ల నిలవడితే డాక్టర్ ముందట రెండు నిమిషాలు. పేరు అడగరు, ముఖం చూడరు, చీటీ రాస్తరు. మన యాడి గోర్ బోలిల నొప్పి చెప్తే అర్థం చేసుకునేటోళ్లు ఉండరు. చేతులు పెట్టేటాయన మాత్రం గంటసేపు కూసోవెట్టి 'ఇంట్ల ఎట్లున్నది, కొడుకు దుబాయి నుంచి ఫోన్ చేస్తున్నడా' అని అడుగుతడు. పైసలు అందుకే కడ్తున్నరు. మనుషులు కొంటున్నది ఆ గంటను.

హాస్టళ్లల్ల కూడా అంతే. పరీక్షల ఒత్తిడి, ఇంటి అప్పులు, పట్నంల మాట రాక చిన్నబోవుడు. నిద్ర పట్టదు, ఏడుపొస్తది, ఎవలికి చెప్పాల్నో తెల్వదు. 14416 టెలీ మానస్ నంబరు ఉన్నది. 2022 అక్టోబర్ సంది నడుస్తున్నది, పైసలు పడయ్, తెలుగుల మాట్లాడుతరు. మన హాస్టళ్లల్ల ఎంతమందికి తెలుసు? కొండగట్టు అంజన్న దగ్గరికి మతి బాగలేనోళ్లను తీసుకపోయి రోజుల తరబడి ఉంచుడు మన దిక్కు పాత ఆచారం. మొక్కు మొక్కుండ్రి, తప్పు లేదు. గోలీలు కూడా వేయుండ్రి. గొలుసులతోని మాత్రం కట్టకుండ్రి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిల దర్గా పక్కన ఒక ఆశ్రమంల నిప్పంటుకుంటే, గొలుసులకు కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోయేందుకు లేక కాలి చచ్చిపోయిండ్రు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేసుడును నిషేధించింది.

అయినా పోవాలనుకుంటే

ఎంత చెప్పినా కొందరు పోతరు. నిద్ర కోసం, మనశ్శాంతి కోసం, మందులతోపాటు పోతమంటే మేము అడ్డం నిలవడం. కానీ పోయే ముందు ఈ ప్రశ్నలు అడగండి. అడిగితే కోపం చేసేటోని దగ్గరికి అసలు పోవద్దు.

1. "నేను ఫలానా గోలీలు వేసుకుంటున్న, ఆపాల్నా?" అని ముందే అడగండి. "ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టే వేసుకో" అంటే కూసోండి. ఆపుమన్నా, తగ్గించుమన్నా లేచి రండి.

2. "ఏ రోగం పోతది?" అని అడగండి. మనసుకు హాయిగ ఉంటది అనేటోడు నిజం చెప్పేటోడు. క్యాన్సర్, షుగర్, ఫిట్స్, పక్షవాతం, పిల్లలు కాకపోవుడు అన్నీ తీసేస్త అనేటోడు మోసం చేసేటోడు. ఇసొంటి రోగాలకు మహిమతోని నయం చేస్తమని ప్రకటన ఇచ్చుడు 1954 చట్టం ప్రకారం నేరం. తాయెత్తు, మంత్రం, కవచం అన్నీ ఆ చట్టంల 'మాయా చికిత్స' కిందికే వస్తయ్. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు.

3. "రోగం ఏందో మీరే చెప్తరా?" అని అడగండి. చేతులు ఆడిచ్చి 'నీ లివర్ల గడ్డ ఉన్నది' అనేటోడు ప్రమాదం. లేని రోగం చెప్పి భయపెట్టుడు, ఉన్న రోగాన్ని లేదనుడు రెండూ పానానికి చేటే.

4. పేరు ముందట 'డాక్టర్' అని ఉంటే ఏం చదివిండో అడగండి. రేకీకి మన దేశంల చట్టం కింద మెడికల్ కౌన్సిల్ అసొంటిది లేదు. ఆయుష్ కింద ఉన్నవి ఆయుర్వేదం, యోగా, నేచురోపతీ, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతీ. అందుల రేకీ లేదు. గోడ మీది సర్టిఫికెట్ నేర్పినాయన ఇచ్చింది, సర్కారు ఇచ్చింది కాదు. రిజిస్టర్ కాకుండ ఇంగ్లిషు వైద్యం చేస్తే 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు గానీ, 5 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

5. మొత్తం ఎంత, ఎన్నిసార్లు అని ముందే అడగండి. ముందే పది సార్లకు పైసలు కట్టుమంటే కట్టొద్దు. ఒక్కసారికి ఒక్కసారి ఇచ్చి రసీదు తీసుకోండి. దీనికోసం అప్పు చేయుడు, సంఘం లోను తీయుడు, పుస్తె కుదువ పెట్టుడు అసలు వద్దు. పెద్ద రోగమైతే ఆరోగ్యశ్రీ ఉన్నది, 2023 డిసెంబర్ సంది 10 లక్షల దాకా చేసిండ్రు.

6. ఆడపిల్లలకు: రేకీల బట్టలు తీసే పని లేదు. తాకకుండ చేయుమని అడిగే హక్కు మీకున్నది. తోడు మనిషి రూముల ఉండాలె, తలుపు తెరిచి ఉండాలె. ఒంటరిగ రమ్మన్నా, ఎవలికీ చెప్పొద్దన్నా, తాకరాని చోట తాకినా అది వైద్యం కాదు, నేరం. 181కు గానీ షీ టీంకు గానీ చెప్పండి. 18 ఏండ్ల లోపు పిల్లలైతే 1098, పోక్సో కేసు అయితది. ఇజ్జత్ పోతదని మూసిపెట్టొద్దు, ఇజ్జత్ పోయేది చేసినోనిది.

7. ఫొటో, ఆధార్ కాపీ, ఇంటి ముచ్చట్లు వాట్సాప్‌ల పంపొద్దు. దూరం రేకీ పేరు మీద పోయిన ఫొటో ఎటు పోతదో మన చేతుల ఉండదు.

8. చేసినంక రోగం ఎక్కువైతే ఏం జేస్తవ్ అని అడగండి. "వెంటనే దవాఖానకు పో" అన్నోడు సరైనోడు. "రోగం బయటికొస్తున్నది, మంచిదే, ఆగు" అంటే ఆగొద్దు.

పాము కాటు, కుక్క కాటు, మందు తాగినోళ్లు, ఫిట్స్ ఆగకపోవుడు, ఛాతీ నొప్పి, గర్భిణికి రక్తం పోవుడు, పసిపిల్లకు ఆయాసం, చచ్చిపోతా అనే మాట వచ్చుడు. వీటికి ఈ ఎనిమిది ప్రశ్నలు కూడా అక్కర్లేదు. 108 ఒక్కటే.

మేము అడుగుతున్నది

సర్కారును: ప్రతి గిరిజన హాస్టల్‌కు నెలకు ఒకసారి డాక్టర్ రావాలె, వచ్చి కూసోని వినాలె. గోడ మీద 108, 14416, 181 నంబర్లు పెద్దగ రాయాలె. గోర్ బోలి, గోండి, కుర్రు తెలిసిన మన ఆశా అక్కలను దవాఖానల మాట చెప్పేందుకు పెట్టాలె, దానికి జీతం ఇయ్యాలె. మహారాష్ట్ర 2013ల దురాచారాల మీద చట్టం తెచ్చింది. దానికోసం ఏండ్ల తరబడి కొట్లాడిన నరేంద్ర దాభోల్కర్‌ను ఆ ఏడాదే ఆగస్టు 20న కాల్చి చంపినంక అది వచ్చింది. పాము, కుక్క కాట్లకు దవాఖానకు పోనియ్యకుండ మంత్రం వేసుడు ఆ చట్టంల నేరం. జగిత్యాలల ముగ్గురి శవాలు చూసినంక కూడా అసొంటి చట్టం మన తెలంగాణకు అక్కర్లేదా?

కుల సంఘాలను, తండా నాయక్, కార్‌భారి పెద్దలను: ఒక మనిషి మీద మంత్రాల నింద వస్తే ఆ పంచాయితీ పెట్టొద్దు. నిందవేసినోళ్లను పోలీసులకు చెప్పండి. మీ నోటి మాటతోని ఒక ముసలామె బతుకుతది.

మనల్ని మనం: మన బాపు, యాడి ఈ పోస్టు చదవలేరు. కాబట్టి లైక్ కొట్టి పోతే లాభం లేదు. ఆ ఎనిమిది ప్రశ్నలు మీ బోలిల మీ గొంతుతోని రెండు నిమిషాల వాయిస్ రికార్డు చేసి ఇంటికి పంపండి. ఇంట్ల రోజూ గోలీలు వేసుకునేటోళ్లు ఎవలున్నరో, ఆ గోలీ పేరేందో, ఎప్పుడు అయిపోతయో మీ ఫోన్ల రాసి పెట్టుకోండి. ఫోన్ వచ్చినప్పుడు ముందుగాల అడగాల్సిన మాట ఇదే: "ఇయ్యాల గోలీ వేసుకున్నవా?"

కథలాపూర్, మేడిపల్లి, రుద్రంగి మండలాల హాస్టల్ విద్యార్థులం